లెక్కకు రాని గంటలు

"పెద్ద చదువులు చదివావుగా, ఇదేంటో చదివి చెప్పవే" అంటూ మా పిన్ని నాలుగు కాగితాలు నా ముందు పెట్టింది. నా డాక్టరేటు తెలుగు సాహిత్యంలో. స్త్రీల కథల్లో వంటింటి చాకిరీ మీద ఒక అధ్యాయమే రాశాను. ఆ కాగితాలు మాత్రం నాకు అర్థం కాలేదు. డబ్బు లెక్కలు మొదట నాన్నవి, తర్వాత భర్తవి అని వదిలేసిన దాన్ని మరి!

తెనాలిలో పిన్ని, మరో ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కలిసి 2022లో పచ్చళ్ళు, పొడుల వ్యాపారం మొదలుపెట్టారు. ముందు బ్యాంకుకే వెళ్ళారు. 2015లో వచ్చిన ముద్రా పథకం కింద అప్పుకి ఆస్తి తాకట్టు అక్కర్లేదు. అయినా అక్కడి ఆఫీసరు "మీ వారు రాలేదా అమ్మా? ఇల్లు ఎవరి పేరున ఉంది?" అనే అడిగాడట. ఇల్లు బాబాయి పేరునే ఉంది. పిన్ని తిరిగొచ్చి పుట్టింటివాళ్ళు పెట్టిన గొలుసు, గాజులు తాకట్టు పెట్టి 2 లక్షలు తెచ్చింది. పొదుపు సంఘం నుంచి లక్ష అప్పు. ముగ్గురూ దాచుకున్నది 50,000. మొత్తం మూడున్నర లక్షలు.

ఏడాది తిరిగాక ఆడిటరు రాసిచ్చిన లెక్కలే ఆ కాగితాలు. వాటిని నాకు తెలిసిన పద్ధతిలోనే, ఒక కథ చదివినట్టు చదవడం మొదలుపెట్టాను. లాభనష్టాల ఖాతా ఏడాది పొడుగునా జరిగిన కథ. అమ్మకాలు 8,40,000. సరుకుకీ సీసాలకీ 5,30,000, రవాణా, కరెంటు వగైరా 92,000, సీజను కూలీ 70,000, వడ్డీ 36,000, మిషన్ల తరుగుదల 18,000. అన్నీ పోను లాభం 94,000.

"లాభముంటే మరి పెట్టెలో 11,000 మాత్రమే ఉన్నాయేం?" అంది పిన్ని. దీనికి జవాబు రెండో కాగితంలో, ఆస్తి అప్పుల పట్టీలో దొరికింది. అది మార్చి 31న తీసిన ఫోటో లాంటిది. 1,15,000 సరుకు రూపంలో జాడీల్లో ఉంది. 1,38,000 కొట్లవాళ్ళు ఇవ్వాలి. మిషన్ల విలువ 1,02,000. నగదు 11,000. ఇటు 3,66,000. అటు ఇంకా తీరాల్సిన అప్పు 2,22,000, ముగ్గురి మూలధనం 50,000, లాభం 94,000. అటూ ఇటూ సరిపోయాయి. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. లాభం వేరు, చేతిలో డబ్బు వేరు అని ముప్ఫై అయిదేళ్ళు దాటాక నేర్చుకున్నాను.

ఆ వారమే పిన్ని మరిది ఒక మాట తెచ్చాడు. "నేను 3 లక్షలు పెడతాను. నాకు సగం వాటా రాయండి. లాభం బాగానే ఉందిగా." పిన్ని దాదాపు ఒప్పేసుకుంది. బంగారం ఇంటికొస్తుందన్న ఆశ. నేను మళ్ళీ కాగితాలు తీశాను. సాహిత్యంలో మనం ఏం చెప్పారో చూసి ఊరుకోం, ఏం చెప్పకుండా వదిలేశారో కూడా వెతుకుతాం. ఇక్కడ లేనిది పిన్ని!

తెల్లవారుజామున నాలుగింటికి లేచి తొమ్మిది దాకా ముగ్గురూ చేసే పని ఏ వరసలోనూ లేదు. సీజను కూలీలకి గంటకి 40 రూపాయలిచ్చారు. అదే రేటున ముగ్గురికీ రోజుకి 5 గంటల చొప్పున 300 రోజులకి లెక్కేశాను. 1,80,000. అంటే 94,000 లాభం కాదు, 86,000 నష్టం. మరిది సగం వాటా అడుగుతున్నది ఆ చాకిరీలోనే.

దేశాల జాతీయ లెక్కల్లో ఆడవాళ్ళ జీతంలేని పని కనపడదని మారిలిన్ వేరింగ్ 1988లోనే "ఇఫ్ ఉమెన్ కౌంటెడ్" రాసింది. ఆ పుస్తకాన్ని నా థీసిస్‌లో పేర్కొన్నాను కూడా. మా పిన్ని జమాఖర్చుల్లో అదే జరుగుతుంటే మాత్రం వెంటనే చూడలేకపోయాను.

చట్టం కూడా ఈ మౌనం వైపే ఉంది. 1932 భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకోకపోతే భాగస్వామి చేసిన పనికి జీతం రాదు. వీళ్ళది అంతవరకూ నోటిమాట ఒప్పందమే. 2023లో పత్రం రాయించుకున్నప్పుడు నేను ఒక్క వాక్యం చేర్చమన్నాను: పని చేసే ప్రతి భాగస్వామికీ చేసిన గంటలకి నెలనెలా జీతం ఇవ్వాలి, లాభం ఆ తర్వాతే పంచుకోవాలి. నేను రాసిన వాక్యాల్లో ఇంత పనికొచ్చినది మరొకటి లేదనుకుంటాను.

మరిదికి పిన్ని "వాటా వద్దు, వడ్డీకి ఇవ్వు" అని చెప్పింది. అతను మళ్ళీ రాలేదు. 1959లో ముంబై గిర్గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు చేసి లిజ్జత్ పాపడ్ మొదలుపెట్టిన సంగతి అప్పుడు పిన్నికి చెప్పాను. అప్పు తీరిపోతుంది. ఒకసారి రాసిచ్చిన వాటా ఏటా లాభంలోంచి తన వంతు తీసుకుంటూనే ఉంటుంది.

రెండో ఏడాది సీసా ధర పెంచారు. కొట్లవాళ్ళకి అరువు తగ్గించారు. జీతాలు పోను లాభం 9,000. ఆ కాగితాలతో మళ్ళీ బ్యాంకుకి వెళితే "లాభం పడిపోయిందేమ్మా" అన్నాడు ఆఫీసరు. "పడిపోలేదండీ, నిరుడు మా జీతాలు ఎగ్గొట్టి రాశాం" అంది పిన్ని. అడిగిన అప్పులో సగమే మంజూరైంది. నిజం రాసినందుకు ఆ మేరకు నష్టపోయారు. బంగారం ఇంకా తాకట్టులోనే ఉంది.

ఇంటికొచ్చాక మా చిన్న పత్రిక జమాఖర్చుల పుస్తకం తీసి చూశాను. కాగితం ఖర్చు, అచ్చు ఖర్చు, తపాలా ఖర్చు ఉన్నాయి. ప్రూఫులు దిద్దినవాళ్ళ గంటలు ఏ పేజీలోనూ లేవు. మీ పుస్తకంలో ఉన్నాయేమో ఒకసారి చూడండి.