చిన్న ప్రయాణములు – కారు బ్యాటరీ

పూర్వము కారు కదలవలెనన్న ఇంజనును చేతిపిడితో త్రిప్పవలసియుండెను. అది బలిష్ఠులకే కష్టము, ఒక్కొక్కప్పు డపాయకరము. 1912వ సంవత్సరమున చార్లెస్ కెట్టరింగుగారి విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులలో అమర్పబడిన పిమ్మట, స్త్రీలకును కారు నడుపుట సులభమయ్యెను. ఆ స్టార్టరునకు ప్రాణము బ్యాటరీ. కనుక దాని పోషణము మన మెఱుగదగినదే.

మా కారు వెళ్లునది బడికి, కూరల బజారునకు, గుడికి మాత్రమే. ఏదియు మూడు కిలోమీటర్లు మించదు. “ఇంత తక్కువ తిరుగు బండికి బ్యాటరీ యేల చెడును?” అని మా యత్తగా రడిగిరి. చాలమందికి గలుగు సందేహమే యిది.

ఇంజను కదలించునపుడు కొన్ని సెకనులపాటు నూరు ఆంపియర్లకు మించిన విద్యుత్తు వెడలిపోవును. పిదప ఆల్టర్నేటరు ఆ లోటును పూరించును. కాని దీపములు, ఏ.సీ. ఫాను తమ భాగము తాము గైకొనును. అదిగాక బ్యాటరీ నిండవచ్చినకొలది మెల్లగా పుచ్చుకొనును. మినపపప్పు నానుటకు కాలము పట్టునే గాని, నీ రెక్కువ పోసినంత మాత్రమున త్వరగా నానదు గదా! బ్యాటరీయు నట్టిదే. ఐదు నిమిషముల ప్రయాణ మందులకు చాలదు. వారములకొలది అరకొరగా నుండినచో, లోపలి పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ శక్తి క్షీణించును. మన వేసవి యెండలు దాని యాయువును మఱింత తగ్గించును.

ఆపద వేళ జూచి రాదు. అర్ధరాత్రమున ఇంటిలో నొకరికి ఆయాసము వచ్చినపుడు కారు టకటకమని యూరకుండినచో నేమి గతి?

అందుచేత మేము పాటించు నియమములు చెప్పెదము. చిన్న పనుల నన్నిటిని ఒక్క తిరుగుటలో ముగింతుము. వారమున కొకసారి ముప్పావుగంట యెడతెగక నడుపుదుము. వాకిట నిలిపి ఇంజను నాడించుటవలన పెట్రోలు ఖర్చే గాని బ్యాటరీకి లాభము స్వల్పము. ఇంజను ఆపి రేడియో వినము. నెల కొకసారి, దానంతట అదియే ఆగు చార్జరును రాత్రియంతయు, గాలి యాడు చోట తగిలింతుము.

కొన్ని గంటలు కదలక యున్న పండ్రెండు వోల్టుల సాధారణ సీసపు బ్యాటరీని మీటరుతో చూచిన 12.6 వోల్టులున్నచో నిండుగా నున్నట్లు, 12.2 అయినచో సుమారు సగమే. 12.4కు దిగినప్పుడే చార్జరు తగిలించుట మేలు.

మూతలు గల బ్యాటరీలో నీరు తగ్గినయెడల డిస్టిల్డు వాటరే పోయవలెను. కుళాయి నీరు గాని, ఆమ్లము గాని పోయరాదు. అందుండి వెడలు వాయువు మండునది గాన దీపము, అగ్గిపుల్ల దరిజేర్పరాదు. ఆమ్లము చర్మమునకు దగిలినచో వెంటనే విస్తారమగు నీటితో కడుగవలెను.

బియ్యపు డబ్బా అడుగంటకమునుపే చూచుకొను మన కీ జాగ్రత్త భారము గాదు.