సవారీ చేసిన పశువు

మోకాలి నొప్పి మూలంగా క్లచ్ తొక్కడం కష్టమై, నిరుడు మిర్యాలగూడలో ఒక పెద్దమనిషి వద్ద పాత ఆటోమేటిక్ కారు కొన్నాను. ఏఎంటీ రకం. ఇందులో గేర్‌బాక్సు మామూలు కార్లలో ఉండేదే. కాకపోతే క్లచ్ నొక్కడం, గేరు మార్చడం అనే పనులను మన కాలికీ చేతికీ బదులు యాక్చువేటర్ అనే భాగం నిర్వహిస్తుంది. ఆయన ఫజ్ర్ నమాజు అయ్యాక, చల్లని వేళ, రైసు మిల్లుల దారిలో కారు తిప్పి చూపించాడు. ఎంతో మెత్తగా నడిచింది. బిస్మిల్లాహ్ అని సొమ్ము చెల్లించాను.

హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేసరికి ఎండ ముదిరింది. బస్టాండు దగ్గర రద్దీలో ఆగి మళ్ళీ కదలబోతే కారు ఒక్క కుదుపు కుదిపి, తెర మీద గేరు అంకె పోయి 'ఎన్' అక్షరం వెలిగింది. ఇంజను అరుస్తోంది గాని చక్రం కదలదు. వెనుక లారీల హారన్లు. పావుగంట ఆపి ఉంచితే ఏమీ జరగనట్టే మళ్ళీ నడిచింది. అక్కడి మెకానిక్ చూసి, క్లచ్ ప్లేటు అరిగిందనీ, యాక్చువేటర్‌లో ఆయిల్ కారుతోందనీ, వేడెక్కితే ఒత్తిడి నిలవదనీ చెప్పాడు. "ఇది ఇవాళ పుట్టిన జబ్బు కాదు మౌల్వీ సాబ్" అన్నాడు.

పూర్వం కొందరు ఒంటెనో మేకనో అమ్మబోయే ముందు కొన్నాళ్ళు పాలు పితకకుండా వదిలి, పొదుగును నిండుగా చూపేవారు. దైవప్రవక్త (స) దానిని నిషేధించారు. అలా మోసపోయిన వారికి పశువును ఉంచుకునే, లేదా తిరిగి ఇచ్చివేసే స్వేచ్ఛ ప్రసాదించారు. చల్లని వేళ కారు చూపడం కూడా ఆ పొదుగు వ్యవహారమే అనిపించింది. తిరిగి ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాను. కానీ ఆ శుక్రవారం కోదాడలోనే ఒక నికాహ్, తరువాత బంధువుల పరామర్శ. అలా మూడు వారాలు అదే కారులో తిరిగాను.

ఒకరోజు తరగతిలో ఇమామ్ మర్గీనానీ (రహ్మలై) గారి 'హిదాయా'లో లోపం గల వస్తువు అధ్యాయం నడుస్తోంది. హిజ్రీ 593లో మరణించిన ఆ ధర్మవేత్తకు కారు సంగతి ఏం తెలుసు! అయినా అందులో పశువు ప్రస్తావన ఉంది. లోపం తెలిశాక కూడా కొన్నవాడు సొంత అవసరానికి దానిపై సవారీ చేస్తే, ఆ లోపానికి అంగీకరించినట్టే. తిరిగి ఇవ్వడానికో, నీళ్ళు పట్టడానికో, మేత కొనడానికో ఎక్కితే అది అంగీకారం కాదు. వెనుక వరుసలోని పిల్లవాడు అమాయకంగా అడిగాడు: "హజ్రత్, మరి దాని మీద పెళ్ళికి వెళితే?"

"అంగీకారమే" అన్నాను. పాతికేళ్ళుగా చెబుతున్న పాఠం ఆ రోజు గొంతుకు అడ్డుపడింది.

అమ్మిన వ్యక్తికి ఫోను చేసి ఉన్న సంగతి చెప్పాను గాని, డబ్బు అడగలేదు. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "నాకూ ఇలాగే అంటగట్టారు హజ్రత్" అన్నాడు. ఆ మాటకు నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఎందుకంటే అప్పటికే సూర్యాపేటలో ఒక బ్రోకరు, "పొద్దున్నే చూపిద్దాం, అరగంటలో బేరం ముగుస్తుంది" అని నాకు ధైర్యం చెప్పి ఉన్నాడు. అమ్మాయి కాలేజీ ఫీజు గడువు దగ్గర పడుతోంది. ఆ రాత్రి నేను అతనికి వద్దని చెప్పలేదు, ఆలోచిస్తానన్నాను. దాచడం ఎందుకు?

ధాన్యం రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటనను ప్రతి ఏటా వడ్ల కాలంలో జుమా ప్రసంగంలో వినిపిస్తుంటాను. వాన పడిందని వర్తకుడు చెబితే, జనానికి కనబడేలా ఆ తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. వినేవారిలో మార్కెట్‌కు వడ్లు తెచ్చే రైతులు, వ్యాపారులు ఉంటారు. వారి ముఖాలు గుర్తొచ్చాక బ్రోకరుకు ఫోను చేసి వద్దన్నాను.

మొదట వచ్చిన వ్యక్తిని జుహ్ర్ తరువాత, మండుటెండలో, కోదాడ దాకా తననే నడపమన్నాను. లోపం ముందే చెప్పినా అతను నమ్మలేదు. సరిగ్గా ఊళ్ళో రద్దీలో కారు ఆగిపోయింది. దిగి, సలాం చెప్పి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. నేను నీడలో కూర్చుని ఇంజను చల్లారే దాకా తస్బీహ్ చదువుకున్నాను. రెండవ వ్యక్తి మెకానిక్ రాసిచ్చిన చీటీ చదివి, మరమ్మతు ఖర్చు మినహాయించి కొన్నాడు. 29, 30 నంబరు ఫారాలపై సంతకాలయ్యాక, ఆ చీటీ మీద కూడా ఇద్దరమూ సంతకం చేశాము. ఫీజుకు తక్కువ పడిన సొమ్ము బావమరిది వద్ద అప్పు తెచ్చాను. ఇప్పుడు బస్సులోనే తిరుగుతున్నాను. మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు కొంచెం నొప్పి పెడుతుంది.