లంగా బొందు కింద నల్లపక్కు

చిత్తూరు వైపు మా ఊళ్లలో కార్తీకమాసం వచ్చిందంటే ఓపీలో జ్వరాలవాళ్లదే జాతర. ఒక్కొక్కరి చేతిలో ఒక వైడాల్ చీటీ. అందులో టైఫాయిడ్ పాజిటివ్ అని రాసి ఉంటుంది. ఫ్రాన్సులో వైడాల్ అనే డాక్టరు 1896లో తెచ్చిన పరీక్ష అది. టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగాడే మన ఊళ్లలో, ఏనాడో వచ్చిపోయిన జ్వరం తాలూకు యాంటీబాడీలకు కూడా అది పాజిటివ్ అంటుంది. ఆ సంగతి తెలిసీ నేను చీటీనే నమ్మిన రోజు ఒకటుంది.

ఆమెకు నలభై ఏళ్లుంటాయి. ఇంట్లో రెండు ఆవులు. తొమ్మిది రోజులుగా జ్వరం, తల పగిలిపోయే నొప్పి, కళ్లు ఎర్రగా. ఊళ్లో ఆర్‌ఎంపీ అయిదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ సూదులు వేశాడు. ప్లేట్‌లెట్లు 60,000కు పడిపోతే కొడుకు బొప్పాయాకు రసం సీసా పట్టుకుని మరీ వచ్చాడు. డెంగీ లేదు, వైడాల్ ఉంది. సరే టైఫాయిడే అని మందు మార్చి రాశాను. మర్నాటికి ఆయాసం మొదలైంది.

పొట్ట చూశాను, ఊపిరితిత్తులు విన్నాను. అంతా చీర మీంచే. ఆ సాయంత్రం ఒళ్లు తుడుస్తున్న సిస్టర్ నన్ను పిలిచింది. నడుము మీద, సరిగ్గా లంగా బొందు బిగించే చోట, శనగబద్దంత నల్లటి పక్కు. చుట్టూ ఎర్రటి అంచు. బీడీతో చురక పెట్టినట్టుంది. నొక్కాను. నొప్పి లేదు, దురదా లేదంది.

“అదా సార్, బొందు ఒరుసుకుని పుండయింది. ఈ జ్వరానికి ముందునుంచే ఉంది.”

స్క్రబ్ టైఫస్! పేరు వినడానికి దగ్గరగా ఉన్నా టైఫాయిడ్‌తో దీనికి చుట్టరికం లేదు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా అడవుల్లో సైనికులను మంచాన పడేసిన జ్వరమిది. మేం చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీపట్టిన ఒక పేరా, అంతే. ఆ పేరా గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నా వార్డులోకి వస్తుందని ఎవరనుకున్నారు?

దీని క్రిమి పేరు ఒరియన్షియా సుట్సుగముషి. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే పురుగుపిల్ల కుడితే ఒంట్లోకి వస్తుంది. పెద్ద పురుగు మనిషి జోలికి రాదు. కంటికి ఆనని ఈ పిల్లే గడ్డికొస మీద కాచుకుని ఉండి బట్టలకు పట్టుకుంటుంది. బట్ట బిగిసిన చోటో, చర్మం మడతపడ్డ చోటో ఆగుతుంది: నడుము, గజ్జ, చంక, రొమ్ముల కింద. అది రక్తం తాగదు, చర్మాన్ని కరిగించి ఆ రసం పీలుస్తుంది. మనకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వారం పది రోజులకు జ్వరం. మనిషి నుంచి మనిషికి అంటదు.

క్రిమి కాపురం మన కణాల లోపల. సెఫ్ట్రియాక్సోన్ ఎన్ని సూదులు వేసినా దాని వెంట్రుక కూడా కదలదు. అతి చవకైన డాక్సీసైక్లిన్‌కు లొంగుతుంది. రెండో రోజు దాటేలోపే ఆమె జ్వరం దిగింది, కాఫీ అడిగింది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తాం. జబ్బు ముదిరినవాళ్లకు ఈ రెండూ కలిపి రక్తనాళంలోకి ఇస్తే మేలని మన దేశంలోనే చేసిన అధ్యయనం 2023లో తేల్చింది. ఆమె వచ్చిన నాటికి అది లేదు. గట్టి ప్రాణం, గట్టెక్కింది.

ఆ తరువాత సిస్టర్‌ను పక్కన పెట్టుకుని, తెర వేసి, ప్రతి జ్వరం మనిషినీ తలనుంచి కాలిదాకా చూడటం అలవాటు చేసుకున్నాను. ఆ ఆర్‌ఎంపీకి కూడా చెప్పాను. కోప్పడలేదు, కోప్పడే మొహం నాకెక్కడిది?

మొన్న రాత్రి అతనే ఫోన్ చేశాడు. “సార్, బట్టలు తీయించి చూశాను. చంకలు, గజ్జలు, చెవుల వెనక కూడా. పక్కు ఎక్కడా లేదు. ఇక స్క్రబ్ కాదు కదా?”

“పక్కు అందరికీ పడదయ్యా. జ్వరం ఎన్నో రోజు?”

“ఆరోది సార్.”

“పనేంటి?”

“గొర్రెలు కాస్తాడు.”

“అయితే డాక్సీ ఒకటి మింగించి బండెక్కించు. నేను ఆసుపత్రిలోనే ఉంటాను.”