మొరొగోరోలో ఎలుకల కాలము

దారుస్సలాము నుండి మొరొగోరోకు 2024వ సంవత్సరమున నడుపనారంభించిన విద్యుద్రైలులో సుమారు రెండు గంటలు ప్రయాణము చేసితిమి. కిత్తనార తోటలు దాటిన పిమ్మట ఉలుగురు పర్వతములు మేఘములను తలపాగవలె చుట్టుకొని యెదుట నిలిచినవి. టాంజానియా దేశమునకు జనులు సింహములను, ఏనుగులను జూడబోవుదురు; మేమో యెలుకలను జూడబోయితిమి. బయలుదేరునపుడు బంధువులు నవ్విరి.

అది మార్చి నెల. అచ్చట వానకారులు రెండు: అక్టోబరు మొదలు డిసెంబరు వరకు 'వూలి' యను చిన్నవానలు, మార్చి మొదలు మే వరకు 'మసీకా' యను పెద్దవానలు. మసీకాకు మొక్కజొన్న విత్తుదురు. అచ్చటి వ్యవసాయ విశ్వవిద్యాలయమున చదువుకొను నొక చిన్నది మమ్ము పొలములకు గొనిపోయెను. ఒక చేనిలో నడివయసు స్త్రీ చిన్నపారతో గుంటలు త్రవ్వి, గుంటకు మూడేసి గింజలు వేయుచుండెను. ఆ దేశమున పెద్ద స్త్రీని గౌరవముతో 'మామా' యని పిలుతురు; మన చెవికిది కొంత వింతయే. "మామా, ఇది ఎన్నవసారి విత్తుట?" అని చిన్నది యడిగెను. ఆమె రెండు వ్రేళ్లు చూపెను. మొదటి విత్తనమంతయు మొలకెత్తకముందే యెలుకలు త్రవ్వి తినిపోయినవట. ఇప్పుడు వేయుచున్నవి తిండికై దాచుకొన్న గింజలు. మన సంగటిని బోలిన ఉగాలి వండవలసిన గింజలే యవి.

ఆ యెలుకకు శాస్త్రజ్ఞులిడిన పేరు మాస్టోమిస్ నటాలెన్సిస్. చూచుటకు మన పొలములలోని చిట్టెలుకవంటిదే కాని, ఆడుదానికి 24 వరకు చనుమొనలుండును. 23 దినములు మోసి, ఒక్క కాన్పున 10, 12 పిల్లలను గనును. అట్లని యేడాది పొడుగున కనదు. పెద్దవానలు కురిసి, నేలపై లేతగడ్డి మొలచిన నెల దినములకు గాని దానికి కాన్పుల కాలము రాదు. ఎండకారున పుట్టిన పిల్లలు మరుసటి వానలవరకు ఎదుగక యట్లే యుండిపోవును. అయితే వూలి వానలు మెండుగా కురిసిన యేట, ఆ పిల్లలు ముందుగానే యీడేరి, విత్తుల వేళకే మరియొక తరమును కనివేయును. ఆ యేడు చేలు ఎలుకల పాలే. హెర్విగ్ లైర్స్ అను బెల్జియము శాస్త్రజ్ఞుడును, ఆయన తోటివారును ఈ చేలలోనే యేండ్ల తరబడి బోనులు పెట్టి, లెక్కలు వేసి, ఈ సంగతిని లోకమునకు దెలిపిరి. రైతులు కోరుకొను మంచివానయే శత్రువును గూడ పెంచుట యెంత చిక్కు!

సాయంకాలము పరిశోధనశాలలో ఎలుక రోమములను తెల్లపళ్లెరముపై దువ్వుట చూచితిమి. మన యిండ్లలో పిల్లల తలలు పేలదువ్వెనతో దువ్వుట వంటిదే. గోమార్లు, పిడుదులు, కంటికానని చిన్నపురుగులు రాలినవి. గోమారికి రెక్కలు లేవు, దుముకును. దాని పిల్లపురుగులు ఎలుక కలుగులోని చెత్తను తిని పెరుగును. ఎలుక బ్రదికియున్నంతవరకు అది దాని నంటియుండును. చచ్చి చల్లబడగానే విడిచి, వేరొక వెచ్చని దేహమును వెదకును. మొరొగోరోకు ఈశాన్యముననున్న ఉసాంబర కొండలలోని లుషోతో ప్రాంతమున 1980 మొదలు 2004 వరకు ప్లేగు పలుమారులు వచ్చి వందలమందిని చంపుటకు మూలమిదియే. నేలపై పరుండినవారికి గోమారి కాటు సులభము. కావున గోమార్లను ముందు చంపక ఎలుకలకు విషము పెట్టుట ప్లేగు ఉన్నచోట ప్రమాదమని చిన్నది చెప్పెను.

ఆ మాట వినగానే మా అమ్మమ్మ జ్ఞాపకము వచ్చినది. 1911 ప్రాంతమున హైదరాబాదులో ప్లేగు వచ్చినపుడు, ఇంట ఎలుక పడెనా ఇల్లు విడిచి ఊరివెలుపల పాకలలో నుండిరని తన తల్లి చెప్పగా వినినదట. గోమారియే ప్లేగును మోయునని సిమోండ్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో కనుగొనెను. ఆ సంగతి ఆ తల్లికి తెలిసియుండదు. ఎలుక రాలుట మాత్రము ఆమెకు చాలిన గుర్తు.

అన్ని పురుగులును చెడ్డవి కావు. ఇచ్చటనే 2000వ సంవత్సరము మొదలు పందికొక్కులంతేసి పెద్దయెలుకలకు, భూమిలో పూడ్చిన మందుపాతరలను వాసనచే పసిగట్టుట నేర్పుచున్నారు. ఈ జాతి యెలుక రోమములలో హెమిమెరస్ అను పురుగు కాపురముండును. కన్నులు లేవు, రెక్కలు లేవు. రక్తము త్రాగదు, చర్మపు పొట్టు తినును. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. దీనిని చూచి మేము చాలసేపు నవ్వితిమి.

మరునాడు రైలు వేళకు ముందు మరల ఆ చేనికి పోయితిమి. మామా గుంటలపై మట్టి కప్పి, కాలితో గట్టిగా త్రొక్కుచుండెను. "మీ దేశమున ఏమి చేయుదురు?" అని యడిగించెను. బోనులు పెట్టుదుము, పిల్లుల పెంచుదుము, ఒకప్పుడు ఊరే విడిచిపోయితిమని చెప్పించితిమి. ఆమె తల యాడించి, సంచిలో మిగిలిన గింజలను దోసిట పోసి లెక్క చూచుకొనెను. ఉలుగురు కొండపై వాన మొదలైనది.