కప్పులోని కెఫీన్, కంటి కింది కెఫీన్

దక్షిణ ఢిల్లీలో ఐఐటీ పక్కనే ఉన్న జియా సరాయ్, పేరులోని సరాయ్ అనే మాట బాటసారుల సత్రాన్ని సూచిస్తున్నట్టే, నేటికీ వచ్చిపోయేవారి బసగానే మిగిలింది. అయితే ఇప్పటి బాటసారులు నెట్, గేట్ వంటి పరీక్షలకు చదివే విద్యార్థులు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, పాత ప్రశ్నపత్రాల కట్టలు, జెరాక్స్ యంత్రాల నడుమ సాగే ఇరుకు సందుల్లో టీ కొట్లకు కొదవ లేదు. రాత్రి మేలుకోవడానికి తాగే టీ, కాఫీల్లోని కెఫీనే, ఆ మేలుకోవడం వల్ల కళ్ల కింద వచ్చే ఉబ్బును తగ్గిస్తుందంటూ లేపనాల ట్యూబుల మీదా కనిపించడం ఇలాంటి చోట ప్రత్యేకంగా ఆలోచింపజేస్తుంది.

కెఫీన్ ఒక ఆల్కలాయిడ్, అంటే మొక్కలు తయారుచేసుకునే, నత్రజని కలిగిన పదార్థం. దీనిని 1819లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రుంగె కాఫీ గింజల నుంచి వేరుచేశాడు. అరకులో పండే అరబికా రకం గింజల బరువులో ఇది సుమారు 1.2 శాతం ఉంటుంది. మెదడులో నిద్రమత్తు కలిగించే అడెనోసిన్ పనిని అడ్డుకోవడం వల్ల ఇది మెలకువనిస్తుంది. చర్మం కింది సన్నని రక్తనాళాలను కుదిస్తుందన్న కారణం చూపి దీనిని లేపనాల్లో చేరుస్తారు.

అయితే గది ఉష్ణోగ్రతలో లీటరు నీటిలో ఇది దాదాపు 20 గ్రాములే, అంటే 2 శాతమే కరుగుతుంది కనుక, అంతకు మించి కలపదలచిన తయారీదారు కరిగించే ఇతర పదార్థాల సాయం తీసుకోకపోతే అది స్ఫటికాలుగా విడిపోతుంది. పైగా, థాయిలాండ్ పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక పరిశీలనలో, 3 శాతం కెఫీన్ గల జెల్‌కూ కెఫీన్ లేని అదే జెల్‌కూ కంటి ఉబ్బు తగ్గించడంలో మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఉపశమనానికి ముఖ్య కారణం జెల్ చల్లదనమేనని వారు తేల్చారు.

భారతదేశపు 2020 సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం, 1 శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ముద్రించాలి, ఆ తరువాత మిగిలినవాటిని ఏ క్రమంలోనైనా ముద్రించవచ్చు. సరుకు చెడిపోకుండా కలిపే ఫినాక్సీఇథనాల్‌కు గరిష్ఠ పరిమితి 1 శాతం కనుక, పట్టికలో దాని తరువాత కెఫీన్ పేరు వస్తే, పెట్టె మీద కాఫీ గింజల బొమ్మ ఎంత పెద్దదైనా, లోపలి కెఫీన్ 1 శాతానికి మించదు. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెల గడుపుకునే విద్యార్థి ట్యూబు ముందువైపు కాక వెనకవైపు చదివి, తడిగుడ్డ ఇచ్చే చల్లదనానికి అంత ధర తగునో లేదో తేల్చుకోవడం మంచిది.