మా తండ్రిగారి గాలము

వృద్ధులైన తల్లిదండ్రులకు విశ్రాంతి నొసగుట సంతానమునకు ధర్మమని యెల్లరు నంగీకరింతురు. తండ్రిని గూర్చుండబెట్టి యన్నము పెట్టుచున్నామని నలుగురిలో జెప్పుకొనుట నేటి గృహస్థునకు గొప్పగా నున్నది. పితను దైవముగా జూడవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. పోషింపని బిడ్డలచేత నెలకు పదివేల రూపాయలకు మించకుండ భరణ మిప్పించుటకు 2007వ సంవత్సరపు చట్టము మార్గ మేర్పఱచినది. ఉపనిషత్తు మాట భక్తి గలవారికి, చట్టము మాట భయము గలవారికి. ఈ రెంటివలనను సిద్ధింపని దింకొకటి కలదని గడచిన కార్తికమాసమున ఉప్పుటేటి గట్టుమీద మాకు దెలియవచ్చినది. అది చదువరులతో జెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు.

మా తండ్రిగారు కొల్లేటి ప్రాంతమున చేపలు పట్టి జీవించినవారు. ఇప్పుడు వారికి డెబ్బదినాలుగేండ్లు. అక్షరము రాదు. తాము పట్టిన చేపల నమ్మి మాకు సంస్కృతమును, ఇంగ్లీషును జెప్పించిరి. మా తల్లి గతించిన పిమ్మట వారిని మేము పనిచేయు పట్టణమునకు దీసికొనివచ్చి, గాలి వచ్చు గదిలో మంచమును, టెలివిజనును, వేళకు మందులును అమర్చితిమి. లోటేమియు లేదని తలచితిమి. వారు మాత్రము దినదినమునకు మాటలు తగ్గించిరి. ఒకనాటి సాయంకాలమున మా పిల్లవాని గాలిపటపు దారము తీసికొని, పెరటి మెట్టుమీద గూర్చుండి వలముడులు వేయుచుండగా జూచితిమి. వేయుదురు, విప్పుదురు, మరల వేయుదురు.

"ఏం చేస్తున్నావు నాన్నా?" అని యడిగితిమి.

"ఏం లేదురా. చేతులు ఊరుకోటం లేదు" అనిరి.

ఆ మాట మా నిద్ర చెఱచినది. ఆదివారమునాడు వేటకు బోవుదమా యని యడుగగా వారు మావంక వింతగా జూచి, "నువ్వా?" అని మాత్ర మనిరి.

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ బల్లపుభూమిలో నేర్పడిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మున్నగు నేఱులు దానిలో గలియును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు జేర్చును. 1999లో బ్రభుత్వము దానిని అభయారణ్యముగా బ్రకటించినది. 2002లో నది రామ్సర్ ఒడంబడిక పట్టికలో జేరినది. సరస్సు నాక్రమించి కట్టిన చేపలచెఱువుల గట్లను 2006లో గొట్టివేసిరి. నీటికిని, పక్షులకును అది మేలే. "గట్లు కట్టినోళ్ళకి ఇంకో ఊళ్ళో చెరువులున్నాయి, అక్కడ కూలికెళ్ళినోళ్ళకే పని లేకుండా పోయింది" అని మా తండ్రిగారు దారిలో జెప్పిరి. ఏ పత్రికలోను మే మాకోణమున నాసంగతి చదివి యుండలేదు.

తెల్లవాఱుజామున గట్టు చేరితిమి. గూడబాతులు తలమీదుగా గొల్లేటివైపు సాగిపోవుచుండెను. మా తండ్రిగారు వంగి వ్రేలు నీట ముంచి నాలుకకు దాకించుకొని, పోటు వచ్చుచున్నది, కొంతసేపు నిలువుమనిరి. నీరు మాకంటికి గదలినట్లే లేదు. గడియకు గట్టు ప్రక్కనున్న గడ్డి యెగువకు వాలినది. అప్పుడు సంచి విప్పి గాలము తీసిరి. బెండునకు నెమలియీక కాడ కట్టియున్నది.

ఎఱ గ్రుచ్చునప్పుడు వారి చేతులు వడకెను. ఒక కంటికి శుక్లము తీసిరి, రెండవదానికింకను దీయలేదు. రెండుమాఱులు ప్రయత్నించి గాలమును మా చేతి కిచ్చిరి. పాణినీయ సూత్రములు వల్లించిన మాకు వానపామును గాలమునకు గ్రుచ్చుట తెలియదు. పామును నిలువుగా ద్రోయక అడ్డముగా బొడిచితిమి, రెండుగా దెగిపడినది. మా తండ్రిగారు నవ్వలేదు. మా వ్రేళ్లమీద దమ వ్రేళ్లుంచి, "తొందర పడకు. మొన కనపడకూడదు, తోక ఆడాలి" అని చెప్పిరి. ఇంటియొద్ద మూడేండ్లలో వారు మాకు జెప్పిన మొదటి పాఠ మదియే. వారి కంఠమున జాలకాలమునకు బలము వినబడినది.

బెండు నీటిమీద నిలిచినది. మాటలాడవలదని సైగ చేసిరి. ఆ మౌనమున మా మనస్సు పుస్తకములవైపు బోయినది.

కాళిదాసుని శాకుంతలమున, ఆఱవయంకము మొదట నొక జాలరి కలడు. రాజు పేరుగల యుంగరము వానియొద్ద గనబడగా రక్షకభటులు పట్టుకొని వాని వృత్తిని బరిహసింతురు. పుట్టుకతో వచ్చిన పని నింద్యమైనను విడువరాదని వాడు ప్రాకృతమున బదులు చెప్పును. రోహితమత్స్యమును గోయగా దాని కడుపున దొరకినదన్న వాని మాట నిజమే యగును. ఆ యుంగరము చేరనిదే దుష్యంతునకు శకుంతల జ్ఞప్తికి రాదు. ఈ ఘట్టమును మేము పదునెనిమిదేండ్లుగా బాలురకు గథగా జెప్పుచున్నాము. భటుల యెగతాళికి బిల్లలు నవ్వుదురు. వారితో మేమును నవ్వుచుంటిమి. ఐజాక్ వాల్టన్ 1653లో నింగ్లండున బ్రకటించిన గాలపువేట గ్రంథమును జదివి, అది ధ్యానశీలుర వినోదమని మెచ్చుకొంటిమి. ఇంగ్లీషువాని చేతి గాలము తత్త్వవిచారము. మా తండ్రి చేతి గాలము చెప్పుకొనరాని పని! ఇట్టి విద్య మాకబ్బినది.

జాలరి చెప్పినట్లు పుట్టిన పనినే పట్టుకొని యుండవలెనని మే మనము. కులమును బట్టి పని నేర్పఱచుట యన్యాయము. మా తండ్రిగారే మమ్ము పడవనుండి దింపి బడికి బంపిరి. పని మానుట తప్పుగాదు. ఆ పని చేసి మనలను బెంచినవారిని దాచుట తప్పు. మేము దాచితిమి.

ఇరువదియైదేండ్ల క్రిందటి మాట. కళాశాల వసతిగృహమునకు మా తండ్రిగారు తాటాకు బుట్టలో నొక పండుగప్పను దెచ్చిరి. రెండు బస్సులు మాఱి వచ్చిరి. వాకిట మా స్నేహితులు నిలుచుండిరి. ఎవరని వారడుగగా, "మా ఊరి మనిషి" అని చెప్పితిమి. మా తండ్రిగారు విన్నారో లేదో తెలియదు. మంచినీళ్లు త్రాగి, బుట్ట మా చేతి కిచ్చి, సాయంకాలపు బస్సు నందుకొనవలెనని వెడలిపోయిరి. వాసనకు సిగ్గుపడి యా చేపను చీకటిపడిన తరువాత గోడవెనుక బాఱవైచితిమి. ఈ సంగతి మా యిల్లాలికి గూడ జెప్పినవారము కాము.

బెండువైపే చూచుచు మా తండ్రిగారు హఠాత్తుగా నడిగిరి: "ఒరే, నీ హాస్టలుకి ఓసారి పండుగప్ప తెచ్చాను. తిన్నారా అది?"

ఇన్నియేండ్లును వారు దాని నడుగలేదు. తిన్నామనుట సులభము, వృద్ధుని సంతోషపెట్టుట పుణ్యమే యని మనస్సు సాకును జూపినది. కాని వారి చేతి గాలము పట్టుకొని యబద్ధమాడుటకు నోరు రాలేదు. తినలేదనియు, పాఱవైచితిమనియు, స్నేహితులతో నేమని చెప్పితిమో అదియు జెప్పితిమి.

కొంతసేపటికి వారు, "రెండు కిలోల పైనే ఉంటది. ఎవరికన్నా ఇవ్వాల్సింది" అనిరి. మరల గొంతసేపటికి, "ఊరి మనిషినే గదరా. అందులో అబద్ధం ఏముంది?" అనిరి.

అది క్షమయో, బాధయో మే మెఱుగము. ముఖము నీటివైపే యున్నది. అడుగుటకు ధైర్యము చాలలేదు.

అంతలో బెండు మునిగినది. "ఇప్పుడు!" అని వారు కేక వేయగా లాగితిమి. జెల్ల పడినది. విడిపింపబోవగా దాని ముల్లు బొటనవ్రేలిలో దిగినది. వారు చేపను దీసికొని, ముండ్ల వెనుకగా బట్టి, చూడకయే విడిపించిరి. వడకు చేతులే యవి. చేప దగులగానే వడకు పోయినది.

పగటికి మూడు జెల్లలు పడినవి. చివర నొక పండుగప్ప పిల్ల పడగా వారు నీటనే విడిచిరి. "ఇది ఉప్పునీళ్ళలో పుట్టి మంచినీళ్ళకి ఎగబాకుద్ది. పెద్దదయ్యాక గుడ్లు పెట్టటానికి మళ్ళీ సంద్రం దారే పడుద్ది. దీనికింకా టైముంది" అనిరి. బజారులో దాని ధర మాత్రమే యెఱిగిన మేము విద్యార్థివలె వింటిమి.

చదువరులారా, మీయింటి పెద్దలకు మంచ మిచ్చితిరి, మందిచ్చితిరి; సంతోషము. వారికి దెలిసిన దేదైన నొకటి వారియొద్ద నేర్చుకొనుడు. మీ తల్లి పెట్టు ఊరగాయ కావచ్చును, మీ తండ్రి నేసిన నేత కావచ్చును. నేర్పుటకు దమయొద్ద నేమియు లేదని తలచుకంటె ముసలితనమున గష్టము లేదు. మేము మూడేండ్లు మా తండ్రిగారి కా కష్టమును బెట్టి, దానికి విశ్రాంతి యని పేరు పెట్టితిమి.

మొన్న తరగతిలో జాలరి కథ వచ్చినది. భటుల మాటలకు బిల్లలు నవ్విరి. నవ్వు తగ్గిన తరువాత, మా తండ్రిగారి వృత్తి యదియే యని చెప్పితిమి. తరగతి నిశ్శబ్దమైనది. వెనుకబల్లనుండి యొక పిల్లవాడు లేచి, "మాస్టారూ, మీకు పట్టటం వచ్చాండీ?" అని యడిగెను.

నేర్చుకొనుచున్నామని చెప్పితిమి.