ఏ కొండ కేగుదము?

గోదావరి సీమయందు పుట్టి పెరిగినవారికి కొండ యనునది కంటికి విందే గాని కాలికి పరిచయమైనది గాదు. మా నేల యంతయు ఏటి యొండ్రుతో నేర్పడిన చదును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు, కాలువల వెంట గట్లు, గట్ల మీద బాటలు వచ్చినవి. ఆ బాటల మీదనే మేము సైకిలు నేర్చితిమి. కోనసీమలో ఎదురుగాలి వీచునాడు తొక్కుటయే మాకు కొండ యెక్కుటతో సమానము. అంతకు మించిన ఎత్తు చూడవలెనన్న రాజమహేంద్రవరమున 1974లో వెలసిన రోడ్డు–రైలు వంతెన మీదికి పోవు వాలు ఒక్కటే గతి.

ఇట్టివారమైన మేము మొన్నటి సంక్రాంతికి కొండదారిని సైకిలు యాత్ర చేయ నిశ్చయించితిమి. మా వారు, వారి పాఠశాలయందే పనిచేయు మాస్టరుగా రొకరు, ఆయన యిల్లాలు, మా మరిది, మా ఆడుబిడ్డ, మేము, వెరసి ఆర్వురము. బడిపంతుళ్ల యిండ్లలో ఋతువును ఎన్నుకొను స్వాతంత్ర్యము లేదు. దసరా నాటికి మన్యమున వాగు లింకను పొంగుచుండును. వేసవి మాట చెప్పనక్కఱలేదు. మిగిలినది సంక్రాంతి. పండుగకు ముందే పోదమన్న పిండివంట లెవరు చేయుదురు? కనుమనాడు కాకియైనను కదలదు గదా! కావున ముక్కనుమ మఱునాడు బయలుదేరుట యనియు, మాస్టరుగార్లు పైని రెండు దినములు సెలవు పెట్టుట యనియు తీర్మానమైనది. అయితే ఏ కొండకు? ఈ ప్రశ్న మీద మా యింట పది దినములు వాదము నడచినది.

మగవారి పక్షము అరకు. సముద్రమట్టమునకు దరిదాపు 900 మీటర్ల ఎత్తున నున్న లోయ. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీతోటలు. త్రోవలో బొఱ్ఱా గుహలు. సైకిళ్లను రైలులో విశాఖపట్టణము చేర్చి, అచటినుండి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి కనుమ నెక్కుట వారి యూహ. దారి సుమారు 115 కిలోమీటర్లు. కోట దాటినది మొదలు మలుపు మీద మలుపుగా ఎక్కుడే. ఫ్రాన్సు దేశమున ఆల్ప్ డ్యూయెజ్ అను కొండదారి యొకటి గలదట. 13.8 కిలోమీటర్లలో 21 మలుపులు. నూఱడుగులు సాగిన ఎనిమిదడుగులు పైకి. టూర్ డి ఫ్రాన్స్ అను పందెమునందు 1937 వఱకును గేర్లు మార్చు సాధనమునే అనుమతింపలేదట. అట్టి వీరుల కథలు చెప్పి, మనకు గేర్లుండగా భయమేల యని మా మరిది పటము పఱచి కూర్చుండెను.

స్త్రీల సంగతి యేమని మే మడిగితిమి. "వదినా, మీకు రైలున్నది గదా!" అనెను. నిజమే, కొత్తవలస–కిరండూల్ మార్గము కన్నుల పండువ. సొరంగము వెంట సొరంగము. 2017లో ఆ బండికి అద్దాల పెట్టెయు తగిలించిరి. మేము హాయిగ లోయలు చూచుచు ముందుగా చేరి, బస కుదిర్చి, వంట సిద్ధపఱచి యుంచిన, వారు చెమటలు గ్రక్కుచు వచ్చి భుజింతురట! మాట మధురముగనే యున్నది. కాని కొండను ఎన్నుకొనుటలోని అసలు గుట్టు మా కిక్కడ బయలుపడినది. మిక్కిలి ఎత్తైన కొండ నెన్నుకొన్నచో సైకిలు వారిది, పులిహోర మనది.

మనుచరిత్రము చదివిన సోదరీమణులకు ప్రవరుని కథ తెలియును. సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని, ఇల్లాలిని ఇంట నుంచి, తానొక్కడే హిమవత్పర్వతమునకు పోయినాడు. మంచునకు లేపము కరగిపోయి, తిరిగిరాలేక యెంత యవస్థ పడెనో పెద్దన గారు విపులముగ వర్ణించినారు. ఎక్కుట కేమి సాధన మున్నదని చూచెనేగాని దిగుట కేది దిక్కని ఆ బ్రాహ్మణుడు యోచింపలేదు. సైకిలు మీద కొండకు పోవువారు మొదట యోచింపవలసిన దదియే. ఎక్కునప్పుడు అలసిన దిగి నడువవచ్చును. దిగునప్పుడు చేయి అలసిన బ్రేకు ఎవరు పట్టుదురు? మా ఆడుబిడ్డ ఈ మాట పలుకగనే మగవారి పటము సగము మడతపడినది.

తరువాత లంబసింగి మాట వచ్చినది. ఇదియు దరిదాపు వేయి మీటర్ల ఎత్తు. నర్సీపట్నము నుండి ఎక్కవలెను. చలికాలమున మన రాష్ట్రమున అంతటి శీతలము మఱియొకచోట అరుదు. అయితే ఆ చలి జూచుటకే జనవరిలో తెల్లవారకముందే కార్లు బారులు తీరును. ఎదుట పది గజములు కానరాని మంచులో, ఆ కార్ల నడుమ సైకిలు తొక్కుట మాకు సమ్మతము కాలేదు. పాపికొండలు మనవే, ఇంటిముంగిటివే. కాని వాని సొగసు పడవ మీదినుండి చూడదగినది గాని చక్రముల మీదినుండి చూడదగినది గాదు. ఆ మాట అంతటితో ముగిసినది.

మా పక్షము మొదటినుండియు రంప మన్యము. రాజమహేంద్రవరము నుండి కోరుకొండ, గోకవరము, రంపచోడవరము మీదుగా మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు. దీనియందు మాకు నచ్చిన గుణములలో మొదటిది, రైలు అక్కఱలేదు. మన గడపలోనే సైకి లెక్కవచ్చును. రెండవది, దారి ఒక్కసారిగ మీద పడదు. గోకవరము వఱకు చేలు, తోటలు, ఆపైని అడవి, ఎక్కుడు వెంట దిగుడు, దిగుడు వెంట ఎక్కుడు, నడుమ ఊపిరి తీసికొను వ్యవధి. గుంపులో నందఱికంటె నెమ్మదిగ తొక్కువారి కాలికి తగినదే గుంపునకు తగిన కొండ. మాలో ఆ నెమ్మది కాలు మాస్టరుగారి యిల్లాలిది. ఆమెయే రంపకు ఓటు వేసినది. మూడు ఓట్లు మావి. నాలుగవది మా వారు వేసిరి. ఇంటి శాంతి కోరియో, కొండల గుణమెఱిగియో తెలియదు.

రంపకును దోషము లేకపోలేదు. మన్యమున మలేరియా భయ మున్నది. దోమతెర, నిండు చేతుల రవికె తప్పవు. మారేడుమిల్లి దాటి చింతూరు పోవు కనుమదారి మలుపులు ప్రమాదకరములు. 2019 అక్టోబరులో యాత్రికుల బస్సొకటి అచట లోయలో పడి ప్రాణనష్టము జరిగినది. అందుచేత మారేడుమిల్లియే మా పొలిమేర యని ముందే గీత గీసికొంటిమి.

సైకిళ్ల విషయ మొక్కమాట. ముందటి పళ్లచక్రము చిన్నదై, వెనుకటి దానిలో ఒకటైనను పెద్దదై యున్నగాని ఎక్కుడున మోకాళ్లు నిలువవు. చీర కుచ్చిళ్లు గొలుసున చిక్కుకొనును గాన మేము మువ్వురమును సల్వారులే ధరించితిమి. అత్తగారు చూచి నవ్విరేగాని వలదనలేదు. ఇక ఆహారము: పండుగ అరిసెలను, సున్నుండలను మించిన సైకిలు బలము ఏ దుకాణమునను దొరకదని మా నమ్మకము.

మొదటి దినము రంపచోడవరమున బస. గోకవరము దాటిన పిమ్మట నీడలు చల్లనై, చక్రముల చప్పుడుతప్ప వేఱు చప్పుడు లేదు. రెండుచోట్ల స్త్రీలము దిగి నడచితిమి. మూడవచోట మగవారును దిగిరి. రెండవ దినము భూపతిపాలెము జలాశయము ప్రక్కగా ప్రయాణము, మధ్యాహ్నమునకే మారేడుమిల్లి. మఱునాటి యుదయమున చింతూరు దారిలో కొలది దూరముననున్న జలతరంగిణి వఱకు మాత్రము మెల్లగా పోయి వచ్చితిమి. అచట వెదురుబొంగులో మాంసము కాల్చి అమ్ముదురు. మా యింట అది లేదు గాన పరిమళముతోనే సరిపెట్టుకొంటిమి. మా మరిది ఎటుపోయి వచ్చెనో మే మడుగలేదు.

ఈ కొండలు వట్టి విహారస్థలములు గావు. రంపయందు 1879లో కల్లుపై పన్ను మొదలగు బాధలు సహింపక కొండవారు తిరుగబడిరి. గూడెము కొండలలో బాటలు వేయుటకై వారిచేత సరియైన కూలి యీయక పని చేయించుట, 1922లో అల్లూరి సీతారామరాజుగారి పోరాటమునకు దారితీసిన కారణములలో నొకటి. నేడు మనము వేడుకకై తొక్కు కొండదారులు ఒకనాడు ఒరుల వీపుల మీద పడిన బరువులు. త్రోవలో కొండరెడ్ల పల్లెకడ ఒక ముసలమ్మ కొండచీపుళ్లు అమ్ముచుండెను. ఆమె చెప్పిన ధరకు బేరమాడుటకు మాకు నోరు రాలేదు. సైకిలు వెనుక కట్టిన ఆ చీపుళ్లు మూడు ఇంటికి చేరువఱకు మా జెండాలైనవి.

తిరుగు ప్రయాణమున దిగుడులందు ఒకరి వెనుక నొకరము, ఇరువది గజముల ఎడముంచి, రెండు బ్రేకులను విడిచి విడిచి పట్టుచు దిగితిమి. ముందు నడచినది మాస్టరుగారి యిల్లాలు. ఆమెను దాటిపోరాదని నియమము. మా మరిదికి ఆ నియమము మిక్కిలి కష్టమైనది.

వచ్చు సంక్రాంతికి అరకు మాట మఱల లేచినది. గేర్లు గల సైకిలు తన పేర వేఱుగ కొన్నగాని ఆ ప్రస్తావన వలదని మా ఆడుబిడ్డ చెప్పినది. ధరల పట్టిక యిపుడు మా వారి బల్ల మీద, దిద్దవలసిన పరీక్షపత్రముల క్రింద నున్నది.